సభ నడుమ కూర్చున్న ఆక్లాండ్

లోసివాలేకి నలభై ఏడో ఏట మైండ్ మ్యాప్ పట్టుకుంది. ఆ వయసులో కొందరికి కీళ్లనొప్పులు పట్టుకుంటాయి, కొందరికి దైవభక్తి. ఆమెకి ఆ రెండూ అంతకుముందే ఉన్నాయి కాబట్టి కాబోలు, మూడోది వచ్చి చేరింది.

అంటుకున్న చోటు రాజధాని ఆపియా. ఊరి మహిళా సంఘానికి ఆమె కార్యదర్శి. కార్యదర్శులందరికీ పట్నంలో ఐదు రోజుల శిక్షణంటే ఓడెక్కి వెళ్లింది. అక్కడ వెల్లింగ్టన్ నుంచి వచ్చిన పంతులమ్మ ఒకావిడ బోర్డు మధ్యలో సున్నా చుట్టి, అసలు సంగతి అందులో రాసి, దాని చుట్టూ సూర్యకిరణాల్లా గీతలు లాగి, ఒక్కో గీత మీద ఒక్కో పని రాసింది. మీటింగైనా, ప్రయాణమైనా, పదిమంది ముందు మాట్లాడటమైనా ముందు ఇలా గీసుకుంటే తల తేలికపడుతుందని చెప్పింది. లోసివాలే తల ఎంత తేలికపడిందంటే, తిరుగు ఓడ సవాయీ దీవి చేరేలోగా ఆమె నోటుపుస్తకం సగం నిండిపోయింది.

అక్కణ్నుంచి మొగుడు సెటుకి కష్టకాలం మొదలైంది. ఆదివారం వంటకి మ్యాపు: నడుమ పంది, చుట్టూ చేమదుంపలు, సీమపనస, కొబ్బరిపాలు, పొయ్యిలో కాల్చే రాళ్లు. రాళ్ల గీత కొసన సెటు పేరు. గుడిసె కప్పు మార్చడానికి మ్యాపు. నిచ్చెన గీత కొసన మళ్లీ సెటు. ఇదివరకు తిట్లు నోటితోనే పడేవని, ఇప్పుడు నాలుగు రంగుల్లో పడుతున్నాయని అతను చేపల పడవ దగ్గర స్నేహితులతో చెప్పుకున్నాడు.

మనిషి తలలో ఉన్నదాన్ని బయట పరుచుకు చూసుకోవడం కొత్త విద్యేం కాదు. ఇక్కడికి ఉత్తరాన, మార్షల్ దీవుల నావికులు కొబ్బరి ఈనెలు అడ్డదిడ్డంగా కట్టి, మధ్యమధ్య గవ్వలు బిగించి, ఏ అల ఏ దీవిని తాకి ఎటు వంగుతుందో పటం చేసుకునేవారు. ఆ పటాన్ని మాత్రం పడవెక్కించేవారు కాదు. ఇంట్లో కూర్చుని బట్టీపట్టి, దాన్ని చూరులో దోపి, ఉత్త చేతులతో సముద్రం మీదికి పోయేవారు. లోసివాలేకి ఆ నిబ్బరం లేదు. ఆమె తన పటాన్ని చర్చికి కూడా తీసుకెళ్లేది.

ఇలా ఉండగా ఆక్లాండ్ నుంచి పిలుపొచ్చింది. అక్కడ దీవుల నేతపనుల ప్రదర్శన జరుగుతుందట. మొగలాకు చాపలు అల్లే ఆడవాళ్లు పన్నెండు మంది వచ్చి పది రోజులుండి, అల్లి చూపించాలి. వాళ్లలో లోసివాలే వేదికెక్కి పావుగంట మాట్లాడాలి. వస్తారో రారో శుక్రవారంలోగా చెప్పాలి. పన్నెండు మందిలో ఎనిమిది మంది అంతవరకు ఆపియా దాటి ఎరగరు. పిలుపు అందిన రోజునుంచీ వాళ్ల చేతుల్లో చాపలు రెట్టింపు వేగంతో పెరుగుతున్నాయి. కానీ పన్నెండు మంది ఆడవాళ్లు ఒక్కసారే ఊరు విడవాలంటే పెద్దల సభ ఒప్పుకోవాలి. సభ సోమవారం.

ఆ సభ కోసం లోసివాలే తన జీవితంలోకెల్లా పెద్ద మ్యాపు గీసింది. పాత క్యాలెండర్ కాగితాలు నాలుగు అతికించి, నడుమ ఎర్ర సున్నాలో ఆక్లాండ్ అని రాసింది. చుట్టూ ఓడ, విమానం, చాపలు, బస, సామాను, ప్రసంగం. ఎవరి సాయం కావాలో వాళ్ల పేరు ఆ గీత కొసన పెద్ద అక్షరాల్లో పెట్టింది. ఊరి పెద్దలందరిలోకీ పెద్ద ఉనాసా. ఆమెకి పెదనాన్న వరస. ఆయనకో లారీ ఉంది. చాపల మూటలు రేవుకి చేరాలంటే ఆ లారీయే దిక్కు. కాబట్టి కాగితం అడుగున చోటు మిగిలిన మూల 'సామాను – ఉనాసా' అని రాసింది. సభ తరఫున మాట్లాడే పెద్ద సౌవావో కూతురు ఆక్లాండ్‌లో ఉంటుంది కాబట్టి కుడి కొసన 'బస – సౌవావో'.

సోమవారం ఆ కాగితం సభ ఇంట్లో నేల మీద పరిచి ఆమె వివరంగా చెప్పింది. పెద్దలు వంగి చూశారు. సౌవావో ఒకసారి చూసి, చప్పున కళ్లు తిప్పేసుకుని, ఊళ్లో తెగ తిరుగుతున్న పందుల సంగతి ఎత్తాడు. పందుల తరవాత నీళ్ల గొట్టం. చివర్లో ఉనాసా, ఆక్లాండ్ సంగతి చూద్దాం అన్నాడు. ఆ దీవిలో చూద్దాం అంటే కుదరదని మర్యాదగా చెప్పడం.

ఇంటికొచ్చి, తన మాటల్లో తప్పెక్కడ దొర్లిందో కనుక్కోవడానికి లోసివాలే ఇంకో మ్యాపు మొదలుపెట్టింది. ఆకులు ఎండబెడుతున్న అత్తగారు ఫువాటినో అది చూసి అడిగింది.

"ఉనాసాని ఎక్కడ కూర్చోబెట్టావో చూసుకున్నావా?"

"కూర్చోబెట్టడమేంటి అత్తయ్యా, అది పనుల పట్టిక."

"గుండ్రంగా ఉంది. చుట్టూ పెద్దల పేర్లున్నాయి. సభ కాకపోతే మరేంటది? సభింటి కొస స్తంభం ఆయనది. దానికి సౌవావోని ఆనించావు. ఆయన్నేమో వెనకవైపు, పెద్దలు తాగే ఆవా కోసం వేరు పిండే కుర్రాళ్ల పక్కన పడేశావు. పైగా నెత్తిన సామానొకటి."

లోసివాలే చేతిలోని రంగు పెన్నుకి మూత పెట్టింది. శిక్షణలో ఐదు రోజులూ ఆ గుండ్రం ఆమెకి సూర్యుడిలా కనబడిందే తప్ప, పుట్టినప్పటినుంచీ చూస్తున్న, పెద్దలు హోదా ప్రకారం తలో స్తంభానికి ఆనుకుని కూర్చునే సభిల్లులా ఒక్కసారీ కనబడలేదు.

మంగళవారం కాగితం చుట్టుకుని పెదనాన్న ఇంటికి వెళ్లింది. ఆయన లారీ చక్రం కింద రాయి పెడుతున్నాడు. ఆమె తలొంచుకుని క్షమాపణ చెప్పింది.

"నాకు కోపం లేదమ్మాయ్," అన్నాడాయన. "కోపం నా స్తంభానికి."

ఇద్దరూ చాప మీద కూర్చుని కాగితాన్ని తిప్పి చూశారు. పావు చుట్టు తిప్పితే ఉనాసా తన కొసకి వచ్చాడుగానీ సౌవావో వెనక్కి పోయాడు. ఇంకో పావు తిప్పితే సౌవావో ముందుకొచ్చాడుగానీ ప్రసంగం దిద్దాల్సిన పాస్టరుగారు వెనక పొయ్యిల వైపు పడ్డారు. ఎటు తిప్పినా ఎవరో ఒకరికి అవమానం తప్పలేదు. అరగంట తిప్పాక ఉనాసా నడుమ ఉన్న ఎర్ర సున్నా మీద వేలు పెట్టాడు.

"ఈయనెవరు? మన సభ నడిమధ్యన కూర్చోవడానికి ఈ ఆక్లాండ్‌కి పట్టం ఎవరు కట్టారు?"

అసలు సంగతి నడుమ రాయాలని పంతులమ్మ చెప్పిందని ఆమె గొణిగింది. పంతులమ్మ ఇంట్లో ఎలా కూర్చుంటారో తనకి తెలియదని, ఇక్కడ నడుమ ఎవరూ కూర్చోరని ఆయన అన్నాడు. శుక్రవారం గడువు విని, గురువారం మధ్యాహ్నం సభ మళ్లీ పిలుస్తానన్నాడు.

బుధవారమంతా ఆమె గీసింది. ఈసారి ముందు స్తంభాలు, తరవాత పనులు. ఎవరి స్తంభం దగ్గర వాళ్ల పేరు, ఆ చోటికి తగిన పని. వెనకవైపు కుర్రాళ్లకి మూటలు, లారీ తోలడం. ముందువైపు సౌవావోకి, అక్కడివాళ్లు స్వాగతం పలికితే జవాబు చెప్పే మాట. కొస స్తంభం దగ్గర ఉనాసా పేరు, దాని కింద ఏ పనీ లేదు. ఆక్లాండ్‌ని ఇంటి బయట, సముద్రంలో పెట్టింది. నడుమ తెల్లగా వదిలేసింది. పన్నెండు మంది పేర్లూ ముంగిట్లో ఒక చాప గీసి దాని మీద వరసగా రాసింది.

గురువారం పెద్దలు ఎవరి చోటు వాళ్లు వెతుక్కున్నారు. దొరికినవాడల్లా కాస్త వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. సౌవావో తన పని రెండుసార్లు చదివి, స్వాగతానికి జవాబు టెలిఫోన్‌లో చెబితే మర్యాదగా ఉండదని, మనిషి వెళ్లాల్సిందేనని సభకి తెలియజేశాడు. ఎవరూ కాదనలేదు. పందుల మాటే రాలేదు.

అప్పుడు ఉనాసా అడిగాడు. "ఇన్ని పనులు చెప్పావు. ఇవన్నీ ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి అందించేదెవరు? నీ పేరు లేదే?"

"చాప మీదుంది పెదనాన్నా, పన్నెండోది."

"అక్కడ అల్లేవాళ్లున్నారు. సభ నడుమ తిరిగేది ఆవా చిప్ప పట్టుకున్న మనిషి. ఎవరికి ముందో, ఎవరికి వెనకో తెలిసినవాళ్లే ఆ చిప్ప పట్టుకుంటారు. సోమవారం నీకది తెలీదు. ఇవాళ తెలిసింది. అక్కడ రాసుకో. కూర్చోవడానికి కాదు, తిరగడానికి. వెళ్లిరండి."

రంగు పెన్నులు ఇంట్లో మర్చిపోయింది. సౌవావో జేబులోని బాల్‌పెన్ను అడిగి తీసుకుని, ఆ తెల్లటి చోట తన పేరు చిన్న అక్షరాల్లో రాసుకుంది. ముంగిట్లో ఎండలో కూర్చుని అల్లుతూ వింటున్న పదకొండు మందీ చాపలు విడిచి వచ్చి, లోపలికి రాకూడదు కాబట్టి చూరు కిందే నిలబడి, ఆమె రాయడం అయ్యేదాకా చూశారు.

మర్నాడు పొద్దున్నే ఆమె ఆక్లాండ్‌కి ఫోన్ చేసి, వస్తున్నామని చెప్పింది. అల్లేవాళ్లు పన్నెండు మందేననీ, మనుషులు మాత్రం పదమూడు మందనీ, పదమూడో ఆయన కూతురింట్లో తన బస తనే చూసుకుంటాడనీ చెప్పింది. పావుగంట ప్రసంగానికి ముందు ఆయన కూడా ఒక రెండు మాటలు మాట్లాడతాడని, వీలైతే ఆ పూట వేరే కార్యక్రమమేదీ పెట్టుకోవద్దని కోరింది.