సాలూరులో మొనారో

సాలూరులో లారీ ఉండడం గొప్ప కాదు, లేకపోవడమే విశేషం. అలాంటి ఊళ్లో నాలుగు లారీలు నడిపి, అరవై దాటాక వాటిని అమ్మేసి, నున్నగా గడ్డం గీసుకుని అరుగు మీద కూర్చున్న తిరుమలరావును ఎవరు పట్టించుకుంటారు? ఆ సంగతి ఊరంతటికీ తెలుసు, ఆయనొక్కడికే తెలీదు. పెళ్లిళ్లలో ఎవరూ రమ్మనకుండానే ముందు వరస సోఫాలో కూర్చునేవాడు. ఫొటో తీస్తున్నారంటే చాలు, ముక్కూ మొహం తెలియని పెళ్లికొడుకు భుజం మీదైనా చెయ్యి వేసేవాడు. పక్కింటాయన "తెల్లవారుజామున చలేసిందండీ" అంటే, "పొట్టంగి ఘాటీలో మంచు గడ్డకట్టినప్పుడు నాను..." అని అందుకునేవాడు. పొట్టంగి ఘాటీలో మంచు గడ్డకట్టడం ఆయన తప్ప ఇంకెవరూ చూడలేదు.

నిక్షేపంలాంటి ఈ బతుకులో బావమరిది జగన్నాధం నిప్పు పెట్టాడు. పార్వతీపురంలో ఉండే జగన్నాధం, తన తండ్రి నాటి బుల్లెట్ మోటారు సైకిలును తుడిచి, మెరుగుపెట్టి, దాని పక్కన నిలబడితే పేపరువాళ్లు ఫొటో వేశారు. అదీ రంగుల్లో. ఆ పేపరు తిరుమలరావు ఇంటికి రెండు కాపీలు వచ్చింది. ఒకటి రోజూ వచ్చేదే. రెండోది జగన్నాధం పనిగట్టుకుని పంపించింది.

"బండి కన్నా నీ తమ్ముడి బొజ్జే పెద్దగ పడినాది," అన్నాడు తిరుమలరావు భార్యతో.

"నయమే. నీ బొజ్జకైతే పేపరు సాలదు మావా," అంది పద్మకుమారి. ఆవిడ హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా పనిచేసి రిటైరైంది.

ఆ రోజు నుంచి తిరుమలరావుకు అన్నం సయించలేదు. బుల్లెట్‌ను మించిన పాత బండి ఏదైనా సంపాదించాలని ఊళ్లు పట్టుకు తిరిగాడు. భోగాపురంలో విమానాశ్రయం వైపు రోడ్లు వెడల్పు చేస్తూ పాకలూ షెడ్లూ కూలుస్తున్న రోజులవి. ఒక కొబ్బరితోట షెడ్డులోంచి తుక్కు వ్యాపారి లాగి రోడ్డు పక్కన పడేసిన కారు ఆయన కంటపడింది. రెండే తలుపులు, పొడవాటి ముక్కు, వెనక్కి వాలిన కప్పు. లోపల కోళ్లు కాపురం చేస్తున్నాయి. ముందు భాగంలో గుండ్రటి రాయిని పట్టుకున్న సింహం బొమ్మ ఉంది. తిరుమలరావు చెప్పులు విప్పేసి దండం పెట్టాడు. సింహాద్రి అప్పన్నే తనకోసం కారెక్కి వచ్చాడనుకున్నాడు. దేవుడితో బేరమేమిటని అడిగినంతా ఇచ్చి, లారీ మీద ఎక్కించి సాలూరు తెచ్చాడు.

మెకానిక్ ధర్మేంద్ర వచ్చేసరికి సింహానికి కుంకుమబొట్టు, కారు ముక్కుకి నిమ్మకాయల దండ ఉన్నాయి. ధర్మేంద్ర బొమ్మను ఫొటో తీసి ఫోనులో వెతికాడు.

"అప్పన్న కాదు మావా. ఇది ఆస్ట్రేలియా కంపెనీ గుర్తు. కారు పేరు మొనారో. ఆ దేశంలో దీన్ని రేసుల్లో తోలీవోరంట."

రేసు అన్న మాట చెవిన పడ్డాక తిరుమలరావు చెవులకి మరింకేదీ ఎక్కలేదు. బానెట్ ఎత్తి చూసి ధర్మేంద్ర, "ఇంజను మాత్రం దానిది కాదు. ఎవులో మన వేను డీజిలింజను ఎట్టీసినారు," అన్నాడు.

"మెల్లిగ సెప్పరా," అన్నాడు తిరుమలరావు చుట్టూ చూసి. "గోడలకి సెవులుంటాయి."

ధర్మేంద్ర ఆ ఇంజనునే బాగుచేసి, ఎర్రరంగు వెయ్యడానికి తలుపు మీద పాత రంగు గీకుతుంటే తెల్లటి గుండ్రంలో నల్లగా పదిహేడు అంకె బయటపడింది. ఇంకేం కావాలి? అది రేసు నంబరే. వెనక సీటు లేకపోవడమూ రేసు కారు లక్షణమే. ఎండెక్కితే కారులోంచి ఒక వాసన కొట్టేది. చూడ్డానికి వచ్చినవాళ్లు ముక్కు నలుపుకుంటే, "ఆస్ట్రేలియా తోలండి. ఇదేశీ తోలు అలగే ఉంటాది," అని సెంటు కొట్టేవాడు. రెండూ కలిసి మూడో వాసన ఒకటి పుట్టేది. దాన్ని భరించలేక పద్మకుమారి కారును పెరటి చివరికి తోయించింది.

ఆ దేశంలో బాథర్స్ట్ అనే ఊళ్లో కొండ మీద రోజంతా కార్లు పందెం వేసుకుంటాయని తిరుమలరావు ఫోనులో వీడియోలు చూసి తెలుసుకున్నాడు. ఇక ఆయన నోటికి పట్టపగ్గాల్లేవు. మొదట్లో తన కారు ఆ పందెంలో పాల్గొంది. దీపావళి నాటికి మూడో స్థానంలో వచ్చింది. కార్తీకమాసంలో శ్రీకూర్మం వెళ్లి ప్రసాదం వరసలో నిలబడ్డప్పుడు, ముందున్న పెద్దమనిషికి అసలు రహస్యం విప్పాడు: "ఫస్టే రావాలండి. ఆఖరి మలుపులో కంగారూ అడ్డొచ్చింది."

"అయ్యో, దానికి దెబ్బ తగల్లేదు కదా?" అన్నాడు ఆ జాలిగుండె మనిషి.

"నేదండి. మావోడు బ్రేకేసీసినాడు."

ఆ మావోడెవరో దేవుడికి కూడా తెలీదు.

విజయనగరంలో పాత వాహనాల సంఘం అని ఒకటుంది. దాని అధ్యక్షుడు నరసింగరావుకు పాత వాహనం లేదు, సంఘం మాత్రం ఉంది. ఆయన ఒక కాలేజీ మైదానంలో ప్రదర్శన పెడుతూ మొనారో సంగతి విని సాలూరు వచ్చాడు. రెండు గారెలు తిని, "రేసు చరిత్రకు చిన్న ఆధారం ఉంటే చాలండి, బోర్డు రాయిద్దాం, శాలువా కప్పుదాం," అన్నాడు. శాలువా అనేసరికి తిరుమలరావు ఒళ్లు పులకరించింది.

కారు అడుగున రేకు మీద చెక్కిన నంబరును పద్మకుమారి ఆస్ట్రేలియాలోని మొనారో యజమానుల సంఘానికి పంపింది. కొన్నాళ్లకు మార్గరెట్ అనే పెద్దావిడ వీడియో కాల్ చేసింది. తిరుమలరావు టై కట్టుకుని కెమెరా ముందు బిగుసుకు కూర్చున్నాడు. ఆవిడ నవ్వుతూ చాలాసేపు మాట్లాడింది. ఆ కారు దొరికినందుకు నిజంగానే సంబరపడింది. పద్మకుమారి తెలుగులో చెప్పింది: ఈ కారు కొన్న ఇంజనీరు ఒక పల్లెటూరి రేసులో దీన్ని ఒకే ఒక్కసారి దింపాడు. మొదటి చుట్టు సగంలోనే ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన పందేల జోలికి పోలేదు. ఓడరేవు పని మీద విశాఖపట్నం వస్తూ కారునూ ఓడెక్కించాడు. ఆ నాటి ఫలితాల్లో కారు పేరు పక్కన డి.ఎన్.ఎఫ్. అని ఉంది.

"డి.ఎన్.ఎఫ్. అంటే ఏటి?"

"డిడ్ నాట్ ఫినిష్. పందెం పూర్తి సెయ్యలేదని."

తిరుమలరావు టై వదులు చేసుకుని ఆలోచనలో పడ్డాడు. కాసేపటికి మొహం విప్పారింది.

"పూర్తి పేరు ఎవులికీ సెప్పకే. పొట్టిగ ఉంటేనే బాగున్నాది."

ప్రదర్శన రోజున బోర్డు లేచింది: 'మొనారో. ఆస్ట్రేలియా రేసులలో డి.ఎన్.ఎఫ్. సాధించిన కారు.' నరసింగరావు మైకు పట్టుకుని గొంతు సవరించుకున్నాడు. "డి.ఎన్.ఎఫ్. వంటి అరుదైన గౌరవం పొందిన వాహనం మన ఉత్తరాంధ్ర గడ్డ మీద ఉండడం మనందరి పూర్వజన్మ సుకృతం!" జనం చప్పట్లు కొట్టారు. డి.ఎన్.ఎఫ్. అంటే ఏమిటని ఒక్కరూ అడగలేదు, అడిగితే తమకు తెలీదని పక్కవాడికి తెలిసిపోతుందని. పద్మకుమారి కొంగు నోట్లో కుక్కుకుంది. తిరుమలరావు భుజం మీద శాలువా పడింది.

అప్పుడే ఒక ముసలావిడ జనాన్ని మోచేతులతో చీల్చుకుంటూ కారు దగ్గరకు వచ్చేసింది. పేరు బుల్లమ్మ. భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డు పల్లెలో నిన్నమొన్నటి దాకా చేపల వ్యాపారం చేసిన మనిషి. ఆవిడ మనవరాలు అనూరాధ ఆ కాలేజీలోనే చదువుతోంది. మనవరాలి ఫోనులో కారు ఫొటో చూసి, ఉన్నపళంగా ఆటో కట్టించుకుని వచ్చేసింది.

"ఓలమ్మ! ఈ ఎర్రరంగెవులేసినారు బాబూ? మా ఆయన సూసుంటే గుండాగి సచ్చీవోడు. ముందే పోయినాడు కాబట్టి బతికిపోయినాడు."

"ఎవరమ్మా నువ్వు? సెయ్యి తియ్యి. ఇది రేసు కారు," అన్నాడు తిరుమలరావు.

"రేసు కారని నాకే సెప్తన్నావేటి? పదియేడు మా నావ నంబరు. ఓడరేవు దొర దేశం ఎల్లిపోతా ఒగ్గీసిన కారు మా ఆయన గంగులు కొన్నాడు. ఇంజను సెడిపోతే వేనింజను ఎట్టించినాడు. ఎనక సీటు పీకీసి రొయ్యల గంపలు సర్దీవోడు. ధనరాజు వేనుకీ మాకూ రోజూ పందెవే. ఇజీనారం మార్కెట్టుకి ముందెవులెల్తే ఆలదే బేరం. ఆ ధనరాజు ఎన్నేళ్లయినా మా బండి ఎనక భాగవే సూసినాడు గానీ మూతి సూడనేదు!"

జనంలో నవ్వులు మొదలయ్యాయి. తిరుమలరావు మొహం కందగడ్డైంది.

"అబద్ధం! సేపల బండేటి? అది ఆస్ట్రేలియా తోలు..."

"తోలేటి బాబూ! తలుపు తీసి సూపించు. రొయ్యే సాచ్చికం సెప్తాది."

ఎవరో తలుపు తీశారు. పొద్దుట్నించీ ఎండలో ఉన్న కారు. ముందు వరసలో కూర్చున్న ప్రముఖులు కుర్చీలతో సహా వెనక్కి జరిగారు. నరసింగరావు చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఒక్క క్షణం గాలి ఎటు వీస్తోందో చూశాడు. మైకు మళ్లీ అందుకున్నాడు. "మత్స్యకార సోదరీమణుల శ్రమకు ప్రతీక అయిన ఈ వాహనం..." అంటూనే తిరుమలరావు భుజం మీది శాలువా తీసి బుల్లమ్మకు కప్పేశాడు. శాలువా ఒక్కటే కొన్నారు మరి.

తన బుల్లెట్‌తో ప్రదర్శనకొచ్చిన జగన్నాధం ఫోను చూసుకుంటూ దగ్గరకొచ్చాడు. "బావా, డి.ఎన్.ఎఫ్. అంటే ఇందులో ఏటో రాసున్నాది, ఓపాలి సూస్తావేటి?"

మర్నాడు పేపర్లో కారు పడింది, బుల్లమ్మ పడింది. ఫొటో అంచున తిరుమలరావు మోచెయ్యి పడింది.

ఆయన కారు మీద టార్పాలిన్ కప్పేసి ఇంట్లో మంచమెక్కాడు. కోతలు బయటపడ్డందుకు కాదు. ఊరు అవి ఎప్పుడూ నమ్మలేదు. తన మొనారో చేపల బండి అవడమే ఆయనకు చావొచ్చినంత పనైంది. లారీలు నడిపిన రోజుల్లో ఒరిస్సాకు ఎన్ని లోడ్ల ఎండుచేపలు తోలాడో లెక్కలేదు. అప్పుడు వాసన రాలేదు. అప్పుడది కిరాయి.

బుల్లమ్మ ఎలాగో నంబరు సంపాదించి ఫోన్ చేసింది. ఒక్కసారి ఆ కారెక్కి మార్కెట్టుకు వెళ్లాలని ఉందంది. కుదరదన్నాడు తిరుమలరావు. పద్మకుమారి ఫోను లాక్కుని ఆదివారం కారు వస్తుందని చెప్పేసింది.

"సగంలో ఆగిపోయిన రేసుకి బోర్డు కట్టించుకున్నావు. రోజూ గెలిసిన రేసులుంటే మూతి ముడుస్తావేటి మావా? నువ్వు రాకపోతే మానెయ్యి. ధర్మేంద్ర తోల్తాడు."

తన కారు ఇంకొకడు తోలడమా! ఆదివారం పొద్దున్నే తిరుమలరావు సముద్రం ఒడ్డున ఉన్నాడు.

బుల్లమ్మ పట్టుచీర కట్టుకుని, ఆ శాలువా కప్పుకుని ముందు సీట్లో కూర్చుంది. అడక్కుండానే వెనకాల రొయ్యల గంప పెట్టించింది. ఖాళీ బండి పరిగెత్తదట. దారంతా తిట్లే. గేరు అలా కాదు, మలుపులో బ్రేకేస్తారా, సైకిలు కూడా దాటిపోతన్నాది సూడు. తిరుమలరావు జీవితంలో మొదటిసారి జవాబు చెప్పకుండా తిట్లు తిన్నాడు. ఒక మలుపు దాటాక ఆవిడ ఎదురుగా ఉన్న డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

"ఇక్కడికొచ్చేసరికి గంగులు పాట ఎత్తుకునీవోడు బాబూ. నిద్దర రాకుండా."

"ఏ పాట?" అన్నాడు తిరుమలరావు. తన గొప్పలు చెప్పకుండా ఎదుటి మనిషిని అడగడం ఆయనకు కొత్త.

"పాటేటి! ధనరాజుని తిట్టడవే. రాగం ఎట్టి తిట్టీవోడు."

విజయనగరం చేపల మార్కెట్టు ముందు కారు ఆగగానే పాత అమ్మకందార్లు తక్కెడలు వదిలేసి పరిగెత్తుకొచ్చారు. బుల్లమ్మను కౌగలించుకున్నారు, కారును తట్టారు. ఒకామె కారు తలుపుకి తల ఆనించి ఏడ్చింది. గంగులు పోయినప్పుడు రాలేకపోయిందట. కర్ర ఊతంగా ఒక ముసలాయన వచ్చి కారు ముందు నిలబడి తేరిపార చూశాడు. ఆయనే ధనరాజు. "ఓహో, దీని మూతి ఇలగుంటాదేటి," అన్నాడు. బుల్లమ్మ పకపకా నవ్వింది. ఇద్దరూ గట్టు మీద కూర్చుని కబుర్లలో పడ్డారు.

తిరుమలరావు కారు దిగి, చొక్కా సర్దుకుని, ఫొటోకు సిద్ధంగా నిలబడ్డాడు. ఫొటోలు తీశారు. ఆయన్ని కొంచెం తప్పుకోమని తీశారు. కాసేపటికి ఎవరో భుజం తట్టారు.

"డ్రైవరు గారూ, బండి పక్కకి తీద్దురూ. ఐసు లారీ వస్తాది."

నాలుగు లారీల యజమాని నోరు తెరిచాడు. చెప్పడానికి చాలా ఉంది. ఎదురుగా లారీ హారన్ కొడుతోంది. నోరు మూసుకుని, కారెక్కి, పక్కకి తీశాడు. ఎవరో గ్లాసుతో టీ తెచ్చి ఇచ్చారు. డ్రైవర్లతో పాటు గోడ నీడన నిలబడి తాగాడు.

సాయంత్రం ఇంటికి రాగానే బుల్లమ్మ ఇచ్చిన రొయ్యలు అందుకుంటూ పద్మకుమారి అడిగింది: "ఏటన్నారక్కడ?"

"ఏటంటారు? బండి తోలినోడెవుడని ఊరంతా ఒకటే అడగడం."

వారం తిరిగేసరికి టార్పాలిన్ లేచింది. కారు మళ్లీ వీధిలోకి వచ్చింది. టీ కొట్టు దగ్గర తిరుమలరావు కుర్చీ లాక్కుని, "మా గంగులు ఉన్న రోజుల్లో..." అని మొదలెట్టాడు. బతికుండగా గంగులును ఆయన కన్నెత్తి చూసి ఎరగడు. అయినా మలుపులో పాట గురించి, గంపల గురించి, ధనరాజు గురించి ఎక్కడా తడుముకోకుండా చెప్పుకుపోయాడు. జనం నవ్వలేదు. తర్వాతేమైందని అడిగారు. ఆ రోజు ఆయన చెప్పినదాంట్లో సగానికి పైగా నిజమే.