ఎర్ర గుర్తు రావద్దన్న పెద్దాయన

కరీంనగర్‌లో మా ఆఫీసు పెద్దాయన గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రైతులు వడ్లు అమ్మడానికి వంతు నమోదు చేసుకునే యాప్‌కు సర్వర్ కోడ్ నేనే రాశాను. జవాబు పంపడానికి అందులో రెండు చిన్న ఫంక్షన్లు పెట్టాను. ఒకటి పని అయిందని చెబుతుంది, రెండోది కాలేదని, ఎందుకు కాలేదో చెబుతుంది. దాన్నిబట్టి ఫోన్‌లో పచ్చ గుర్తో, ఎర్ర గుర్తో వస్తుంది.

అధికారులకు చూపించే ముందు పెద్దాయన వచ్చి, "ఎర్రది కనబడితే మన ఇజ్జత్ పోతది. గా రెండోదాంతోని గూడ అయిందనే చెప్పియ్" అన్నాడు. కుదరదన్నాను. తనే కూర్చుని మార్చేశాడు. ఎవరేమడిగినా "ఐతది తియ్ సార్" అనే మనిషి, కోడ్‌కూ అదే నేర్పాడు.

కోతలయ్యాక మంథని దగ్గర మా బాపు ఆ యాప్‌లోనే వంతు నమోదు చేసుకుని, ట్రాక్టర్ నిండా వడ్లతో కొనుగోలు కేంద్రానికి పోయాడు. అక్కడి జాబితాలో ఆయన పేరే లేదు. అంతలో వాన మొదలైంది.

"పచ్చగనే వచ్చింది గద బిడ్డా, నేనే ఏమన్న తప్పు ఒత్తిన్నా?" అని ఫోన్‌లో అడిగాడు.

నేరుగా పెద్దాయన దగ్గరికి పోయి, మా బాపు వడ్లు తడుస్తున్నాయన్నాను.

తల కూడా ఎత్తలేదు. "ఐతది తియ్" అన్నాడు.