పోషన్‌కి నేను రాసిన తెలుగు

2024 ఎండాకాలం. నరసరావుపేటలో మేడ మీద గదిలో కూలర్ ముందు కూర్చుని వీడియో గేములని తెలుగులోకి మారుస్తున్నాను. ఈ పనిని లోకలైజేషన్ అంటారు. ఆటలో తెర మీద కనిపించే ప్రతి ముక్కనీ, అది "అవును" అనే బటన్ అయినా సరే, స్ట్రింగ్ అంటాం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ స్ట్రింగులతోనే నా బతుకు. ఏం చేస్తుంటావని అడిగినవాళ్ళకి చెబితే, గేములాడితే కూడా జీతమిస్తారా అని నవ్వుతారు. మొదట్లో కూర్చోబెట్టి వివరించేవాణ్ణి. ఇప్పుడు మానేశాను.

ఆ ఏడాది నా చేతికొచ్చింది ఒక రోగ్‌లైక్. అంటే గుహల్లో తిరిగే ఆట. ఆడిన ప్రతిసారీ దారులు మారిపోతాయి. చచ్చామా, అప్పటిదాకా సంపాదించినదంతా పోయి మళ్ళీ మొదటికి రావాల్సిందే. వీటిల్లో ఇన్‌స్టంట్ డెత్ అని ఒకటుంటుంది. ఒంట్లో ఎంత బలమున్నా లెక్కలేదు, ఒక్క తప్పుకే ప్రాణం పోతుంది. మా ఆటలో అది పోషన్లనే మాయ ద్రవాల సీసాల్లో ఉండేది. దారిలో దొరికే ఆ సీసాల మీద పేరుండదు. ఒకటి గాయం మాన్పుతుంది, ఒకటి చూపు పెంచుతుంది, ఒకటి అక్కడికక్కడే చంపేస్తుంది. తాగితే గానీ ఏది ఏదో తెలియదు.

ఆ చావుకి వచ్చే స్ట్రింగుని మొదట "ఔషధం సేవించి మరణించాడు" అని రాశాను. హైదరాబాదులో నా పని సరిచూసే మేడమ్, ఇదేం తెలుగండీ, పురాణం చెబుతున్నట్టుంది అని వెనక్కి పంపింది. నాకు రోషం పొడుచుకొచ్చింది. పల్నాటివాడికి తెలుగు నేర్పుతుందా ఈవిడ అనుకుని, పోషన్ అన్నచోటల్లా "మందు" అని పెట్టి, చావు దగ్గర "మందు తాగి పోయాడు" అని కొట్టాను. మేడమ్ తెగ మెచ్చుకుంది. ఇంత సహజంగా ఎవరూ రాయలేదంది. ఆ వారమంతా కాలరెగరేసుకుని తిరిగాను.

ఆట బయటికి వెళ్ళేముందు, ఇలాంటివి ఎన్నడూ ఆడని మనిషి చేత ఒకసారి ఆడించి చూడటం మా పద్ధతి. మా ఇంటి కింద పోర్షన్‌లో రమణక్క ఉంటుంది. మాచవరం దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరి మనిషి. భర్త పోయాక, కూతురు దివ్య ఇంటర్ చదువు కోసం పేట వచ్చేసి జాకెట్లు కుడుతోంది. ఆ పోర్షన్ చూసిపెట్టింది నేనే. పని లేనప్పుడు ఫోనులో రంగు గోళీలు పేల్చే ఆటలాడుతుంది. నా ఫోను చేతికిచ్చి, తెలుగు అర్థమవుతుందో లేదో చెప్పక్కా చాలన్నాను.

మొదటిసారి గబ్బిలాలు పీక్కుతింటే చచ్చింది. పకపకా నవ్వింది. రెండోసారి పట్టుదలగా ఆడి బాగా లోపలికి వెళ్ళింది. అక్కడొక సీసా దొరికింది. ఇది తాగొచ్చా అని అడిగింది. తాగక్కా, తాగితేనే కదా తెలిసేది అన్నాను. తాగింది. తెర నల్లబడి నా అక్షరాలు వచ్చాయి: మందు తాగి పోయాడు. కింద ఒక బటన్: మళ్ళీ మొదలుపెట్టు.

రమణక్క ఆ బటన్ నొక్కలేదు. ఫోనుని మిషను బల్ల మీద బోర్లా పెట్టింది.

"మా ఆయన తాగిన డబ్బా మీద పేరుంది తమ్ముడా," అంది. "చదూకునే తాగాడు."

నాకు తల కొట్టేసినట్టయింది. తెలియక రాశానని చెప్పుకునే దారి కూడా లేదు. మిర్చి పంట దెబ్బతిన్న ఆ ఏడు, ఆయన పోయిన కబురు రాగానే అమ్మని బండి మీద ఎక్కించుకుని వెళ్ళినవాణ్ణి నేనే. వాళ్ళింటి ముందు టెంటు కింద కుర్చీలో కూర్చున్నాను. వచ్చినవాడల్లా ఏమైంది అనేవాడు, పక్కవాడు "మందు తాగి పోయాడు" అనేవాడు. మా వైపు మందు తాగడమంటే పురుగుమందు తాగడమే. అంత సహజమైన వాక్యం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో రమణక్క ఆ మాట అన్నాక తెలిసింది. ఆ మనిషి చావు దగ్గర విన్న మాటని తెచ్చి ఆటలో పెట్టి, మెప్పు కొట్టేసి, చివరికి ఆయన భార్య చేతికే ఇచ్చాను. థూ, నా బతుకు అనిపించింది.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఆమె భయం వేరే. "ఇది వచ్చినాక మా పిల్ల ఆడిద్ది. వాళ్ళ నాన్న గుండెపోటుతో పోయాడని కాలేజీలో చెప్పుకుంది. నలుగురి మధ్యన ఈ మాట కళ్ళబడితే అది ఏమైపోయిద్ది?"

మార్పిస్తానని మాటిచ్చాను. కానీ అప్పటికే స్ట్రింగులు లాక్ అయ్యాయి. లాక్ పడ్డాక కామా మార్చాలన్నా మేనేజరుకి కారణం రాయాలి. "నేను తప్పు రాశాను" అని మొదలుపెట్టి, చెరిపేశాను. "టెస్టింగులో ఒక ప్రాంతీయ సమస్య బయటపడింది" అని రాసి పంపాను. అది దానంతటదే మొలిచినట్టు!

మేనేజరు మార్చడానికి ఒప్పుకున్నాడు. అక్కడితో ఆగలేదు. ఎంత సున్నితంగా పట్టుకున్నారండీ అంటూ నా మెయిల్‌ని మిగతా భాషలవాళ్ళందరికీ పంపాడు. అసలు సంగతి తెలిసిన మేడమ్ కిక్కురుమనలేదు, ఆ వాక్యాన్ని ఒప్పుకున్నది తనే కదా. నేనూ తేలు కుట్టిన దొంగలా థాంక్యూ అని కొట్టి ఊరుకున్నాను. ఒకే తప్పుకి రెండుసార్లు మెప్పు పొందినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మందుని "పసరు" చేశాను. చావు దగ్గర "పసరు వికటించింది, ఆట ముగిసింది" అని పెట్టాను. ఆ మార్పుతో ఆట కొత్త బిల్డ్ రాగానే కిందికి వెళ్ళి చూపించాను. రమణక్క రెండుసార్లు చదువుకుని, నీ పుణ్యమా అని పిల్ల గండం గట్టెక్కిందయ్యా అంది. కాఫీ పెడతానని లేచింది. ఆ మాటకి ఇంక తట్టుకోలేకపోయాను.

"అది రాసింది నేనేనక్కా," అన్నాను.

"తెలుసులే," అంది, నా వంక చూడకుండానే. "ఆ రోజు చదవంగానే తెలిసింది. బయటోళ్ళయితే చనిపోయాడని రాసేవోళ్ళు. మందు తాగి పోయాడని మనోళ్ళు తప్ప ఎవురంటారు?"

కాఫీ ఇచ్చింది. తల దించుకుని తాగాను.

ఇప్పుడెవరైనా నీ తెలుగు భలే సహజంగా ఉందంటే నాకు ముందు గుండె గుభేలుమంటుంది. ఆ మాటని ఎవరింట్లో విన్నానో గుర్తు చేసుకుంటాను. వాళ్ళ ముందు కూర్చుని పైకి చదవగలననిపిస్తేనే ఉంచుతాను, లేకపోతే కొట్టేస్తాను.