ఉచ్చీరప్ప ఎత్తిన గుండు

ఆదోనిలో ఉచ్చీరప్పను ఎరగని హమాలీ లేడు. పత్తి మూటలు మోసే భుజాలు ఊళ్లో వందలుండేవి. కోట కింద కుస్తీలు నేర్పే తాలింఖానాలో రాతిగుండు ఎత్తే భుజం మాత్రం ఆయనదొక్కటే. ఆ భుజాన్ని చూసి ఊరు మురిసిపోయింది. పెండ్లాం హులిగమ్మ మాత్రం చివరి మూడేళ్లూ కడుపులో నిప్పులు పెట్టుకుని బతికింది. ఆమెకు తెలిసిన సంగతి ఊరికి తెలియదు మరి.

డెబ్బైల మొదట్లో కరువొచ్చి, పెద్దకడుబూరు పక్క పల్లెలో శెనక్కాయ నేలలోనే మాడిపోయిన ఏడు, మొగుడూ పెండ్లాలు ఆదోనికి చేరారు. అప్పటి ఉచ్చీరప్పది ఊదితే ఎగిరిపోయే ఒళ్లు. మార్కెట్లో మొదటిరోజే మూట కింద బోర్లా పడ్డాడు. తోటి హమాలీలు పగలబడి నవ్వారు. తాలింఖానా ముసలి ఉస్తాదు ఒక్కడే నవ్వకుండా వచ్చి, రెక్క పట్టి లేపి, తెల్లారి రమ్మన్నాడు.

వెళ్తే పార చేతికిచ్చాడు. కుస్తీ లేదు, గద లేదు. ఎర్రమట్టి తవ్వు, నూనె పోసి కలుపు, మళ్లీ తవ్వు. ఎండాకాలం అంతా అదే పని. తర్వాత దండీలు, తర్వాత బస్కీలు. ఈరోజు చేసినన్ని రేపు చెయ్యాలి, వీలైతే ఒకటి ఎక్కువ. వానొచ్చినా, పెండ్లున్నా, ఒళ్లు వెచ్చబడినా మానకూడదు. రోజూ చేసేది కసరత్తు, బుద్ధి పుట్టినప్పుడు చేసేది తమాషా అనేవాడు ముసలాయన. అబద్ధమెందుకు, ఆ మాట నిజమే. నానబెట్టిన శనగలూ జొన్నరొట్టే తిని ఆ బక్కప్రాణి రెండేళ్లకు మనిషయ్యాడు. రాత్రంతా పీడించే దగ్గు పోయింది. ఇద్దరు పట్టే మూటను ఒక్కడే వీపుకెత్తుకుని మెట్లెక్కేవాడు. చూసినప్పుడల్లా హులిగమ్మకు గర్వంగా ఉండేది.

ఆ తాలింఖానాలో ఒక మూల నల్లటి గుండ్రాయి ఉంది. ఉగాదినాడు ఉస్తాదైనవాడు దాన్ని రొమ్ము దాకా లేపి, భుజం మీదుగా వెనక్కి పడేయాలి. ఓపిక తగ్గితే తప్పేం లేదు, గుండు మీద చెయ్యి పెట్టి శిష్యుడికి అప్పజెప్పి పక్కన కూచోవచ్చు. ఆడది మాత్రం దాన్ని తాకకూడదు. తాకితే ఇంక ఆ రాయిని ఎవరూ ఎత్తరు. ముసలాయన అట్లా అప్పజెప్పే పోయాడు. ఉచ్చీరప్ప ఉస్తాదయ్యాడు.

పెద్ద శిష్యుడు పుల్లన్న మొదలు ఎవడు నొప్పి అన్నా ఉచ్చీరప్ప చెప్పే మందు ఒక్కటే, ఇంకో నాలుగు బస్కీలు తియ్యమనడం. అది పిక్కల నొప్పికి, నడుం నొప్పికి పనిచేసింది. అన్నిటికీ పనిచేస్తుందని నమ్మాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్న రకం.

ఎనభయ్యో సంవత్సరం దాటాక ఒకరోజు ఆయన దగ్గుతూ కుడి గజ్జలో అరచెయ్యి అదుముకోవడం హులిగమ్మ చూసింది. చీకట్లో అడిగితే చూపించాడు. నిమ్మకాయంత ఉబ్బు. పడుకుంటే లోపలికి పోతుంది, లేస్తే బయటికొస్తుంది. పేగు దిగింది.

హమాలీకి పేగు దిగడం కొత్తేమీ కాదు. కానీ తాలింఖానాలో దాని అర్థం వేరు. అక్కడ లంగోటీ అంటే నిగ్రహం. పేగు దిగిందంటే లంగోటీ వదులైందని, లంగోటీ వదులైందంటే మనిషి అడ్డదారి తొక్కాడని లెక్క. ఏ డాక్టరు చెప్పాడు ఈ లెక్క? ఎవరూ చెప్పలేదు. తాత చెప్పాడు, తండ్రి నమ్మాడు, కొడుకు చస్తాడు. బరువులెత్తితే దిగిన పేగుకు బజారు ఆడవాళ్ల పేరు పెట్టే మూర్ఖత్వం అది. ఉచ్చీరప్ప ఆ మాట పడటం కన్నా లంగోటీ ఇంకో చుట్టు బిగించడమే మేలనుకున్నాడు. హులిగమ్మే పాతగుడ్డ మడతపెట్టి లోపల దిండు కుట్టిచ్చింది.

మేనమామ ఊరికని అందరికీ చెప్పి, ఆమె బతిమాలి ఆయన్ను ఒకసారి ఎమ్మిగనూరు తీసుకుపోయింది. అక్కడ భీమసేనరావు డాక్టరు చేత్తో నొక్కి చూసి, కోసి కుట్టెయ్యాలన్నాడు. తర్వాత బరువులు మానాలన్నాడు. "లోపలికి పోయినన్నాళ్లు నీ అదృష్టమయ్యా. ఒకరోజు బయటే బిగుసుకుంటుంది. ఆ రోజు గంటలే ఉంటాయి నీకు" అన్నాడు. ఉచ్చీరప్ప బుద్ధిగా తలూపాడు. బస్సెక్కాక, వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడు.

ఆ వచ్చే ఏడు మూడుసార్లు వచ్చింది.

మూడో ఉగాది పొద్దున నిద్రలేచేసరికి ఉబ్బు రాయిలా గట్టిపడి ఉంది. ఎంత నొక్కినా లోపలికి పోలేదు. హులిగమ్మ ఆయన కాళ్ల మీద పడింది.

"గుండు పుల్లన్నకిచ్చెయ్. నీ కాల్మొక్కుతా. యాడికీ పోవద్దు."

"ఈ ఒక్కతూరి మే. ఎత్తినాక ఇచ్చేస్తా. నొప్పితో కూచుంటే ఏమనుకుంటారు?"

ఆమె చేతిని తాళి మీద పెట్టించి, ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నాడు. దిండు మీద లంగోటీ బిగించి కట్టుకుని పోయాడు. గుండు ఎత్తాడు. రొమ్ము దాకా, భుజం మీదికి, వెనక్కి. జనం ఈలలు వేశారు, పూలదండలు వేశారు. దండలతోనే ఇంటికొచ్చి, గుమ్మంలో వాంతి చేసుకున్నాడు.

మధ్యాహ్నమంతా వాంతులే. జట్కా పిలుస్తానంటే చెయ్యి పట్టుకుని వదల్లేదు, ఒట్టు గుర్తుచేశాడు. సాయంత్రానికి ఆ పట్టు దానంతటదే సడలింది. అప్పుడు పిలిచింది. ఆసుపత్రిలో లంగోటీ ముడి ఎవరికీ విడిపోక కత్తెరతో కోశారు. పొట్ట తెరిచి చూస్తే పేగు నల్లబడిపోయి ఉందట. మర్నాడు పోయాడు. కొండలాంటి మనిషి, నలభై ఐదు కూడా నిండలేదు.

పాడె మోసిన శిష్యులు ఆ ఒళ్లు చూసి ఏడ్చారు. అంత ఒళ్లుకు దిష్టి తగలకుండా ఉంటుందా అన్నారు. పది రోజులూ ఇంటికొచ్చిన వాళ్లందరిదీ అదే మాట. దిష్టి, దిష్టి, దిష్టి. హులిగమ్మ ఒట్టుకు కట్టుబడి కూచుంది.

పదకొండోనాడు పెద్ద శిష్యుడు పుల్లన్న వచ్చాడు. గుండు ఇప్పుడు అతనిది. ముప్పై ఏళ్లవాడు, ఇద్దరు బిడ్డల తండ్రి. నేల మీద కూచుని చాలాసేపు ఏడ్చి, లేవబోతూ దగ్గాడు. దగ్గుతూ కుడి గజ్జలో అరచెయ్యి అదుముకున్నాడు. అదే చెయ్యి, అదే చోటు. హులిగమ్మ కళ్లారా చూసింది.

మర్నాడు తెల్లవారగానే ఆమె తాలింఖానాకు నడిచింది. గడప దాటి లోపలికొచ్చిన ఆడదాన్ని చూసి గదలు తిప్పే చేతులు ఆగిపోయాయి.

"మీ ఉస్తాదుకు దిష్టి తగల్లేదు. పేగు దిగి సచ్చినాడు. మీకు తెలుస్తాదని భయపడి, బిగించి కట్టుకోని సచ్చినాడు."

ఎవరో గోడ వైపు తిరిగి, ఉస్తాదు లంగోటీ కూడా వదులేనా అని గొణిగారు. హులిగమ్మ ఒళ్లంతా మండిపోయింది. ఏ ఆడదీ నలుగురిలో అనని మాట అనేసింది.

"ఉస్తాదైన కాడినుంచి నా పక్కలోకే రాల్యా ఆయప్ప. ఇంగ యాడ తప్పినాడు? సెప్పండి!"

ఆమె పుల్లన్న ముందుకొచ్చి నిలబడి, గొంతు తగ్గించింది.

"నీకూ దిగింది. నేను సూసినా. ఎమ్మిగనూరుకు పోదాం, లెయ్."

పుల్లన్న కాదనలేదు. చుట్టూ ఉన్న కళ్లను చూశాడు, మూలనున్న గుండును చూశాడు. "వచ్చే ఉగాది కానీ వదినా. ఒక్కతూరి ఎత్తి పోతా" అన్నాడు.

హులిగమ్మ ఎర్రమట్టి తొక్కుకుంటూ నేరుగా మూలకు పోయింది. నూనె పట్టిన ఆ నల్లగుండు మీద, తాళి తీసిన మెడతో, చీర కుచ్చిళ్లు సర్దుకుని కూచుంది. అయ్యయ్యో అని ఒకడు ముందుకొచ్చి, ఆమెను ముట్టుకునే ధైర్యం లేక ఆగిపోయాడు.

పుల్లన్న లేచి చొక్కా తొడుక్కునేదాకా ఆమె దాని మీదనుంచి లేవలేదు.