బాబాయి చేసిన కొక్కెం

మొన్న ఆదివారం ఆరాధనకి బయల్దేరుతుంటే పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయి ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడురా." చేతిలో బైబిలుతో గుమ్మంలోనే కూలబడ్డాను. ఏడుపు కంటే ముందు భయం వేసింది. ఆయన బతికుండగానే నలుగురిలో చెప్పాల్సిన మాట రెండేళ్ళుగా నా గొంతులోనే ఉండిపోయింది. మీకు చెబుతాను.

మా బాబాయి ఆటోనగర్లో వెల్డరు. నాది కృష్ణలో చేపల వేట. నా భుజం విరిగాక, పడవని ట్రాక్టరు వెనక కట్టే బండి మీదికి ఎక్కించాలంటే నలుగురి కాళ్ళావేళ్ళా పడాల్సొచ్చేది. పడవ అమ్మేస్తానంటే బాబాయి కస్సుమన్నాడు.

"పడవేం చేసిందిరా పాపం? బండిని మారుద్దాం."

చెక్కలు పీకేసి రోలర్లు వేశాడు. ముందువైపు చేత్తో తిప్పి తాడుతో పడవని లాగే వించి పెట్టాడు. పడవ ఎక్కాక వించి తాడు విప్పి, పడవ ముక్కుకి తగిలించడానికి బండికి గొలుసూ, వేలంత లావు కొక్కెం అతికాడు.

"తేలిగ్గా ఎక్కేది తేలిగ్గానే జారుద్ది. కొక్కెం పడకుండా బండి కదిలిందా, నీ తాట తీస్తా!"

మొదటిరోజు రేవులో ఒంటిచేత్తో ఎక్కించాను. ఆ సంబరంలో వించి తాడు విప్పేసి, కొక్కెం మరిచిపోయి, ట్రాక్టరుకి చెయ్యూపాను. కరకట్ట ఎక్కుతుంటే రోలర్లు కిర్రుమన్నాయి. వెనకే బాబాయి నడిచొస్తున్నాడు. తప్పుకోమని అరిచేలోపే పడవ జారి ఆయన కాలి మీద పడింది.

ఆస్పత్రిలో మంచం చుట్టూ అందరూ ఉన్నారు. ఇప్పుడు చెప్పేస్తాడు, ఇదిగో చెప్పేస్తాడు అని ఆయన నోటి వంకే చూస్తున్నాను. ఆయన నా వంక చూడనైనా చూడలేదు.

"నా వెల్డింగే ఊడిందయ్యా. కొక్కెం ఆగలా."

ఇంటికొచ్చాక, చెక్కుచెదరని ఆ అతుకుని గ్రైండరుతో కోసి మళ్ళీ అతికాడు, ఎవరికీ అనుమానం రాకూడదని. జన్మలో ఒక్క అతుకు ఊడని మనిషి! టీకొట్టు దగ్గర "ఏం మేస్త్రీ, జిగురుతో అతికిస్తన్నావా?" అని వేళాకోళం చేసేవాళ్ళు. ఆయన నవ్వేసి కుంటుకుంటూ పనికెళ్ళేవాడు. నేను పక్కనే కూర్చుని టీ తాగాను. ఛీ, నాదీ ఒక బతుకేనా!

కనిపించినప్పుడల్లా ఒకటే అడిగేవాడు. "కొక్కెం పడిందా?"

"పడింది బాబాయ్."

బాబాయిని సాగనంపే రోజు సమాధుల తోట దారంతా వానకి బురదైపోయింది, వ్యాను రాదన్నారు. శవపెట్టెని నా పడవ బండి మీదే ఎక్కించాం. రోలర్ల మీద చప్పుడు లేకుండా ఎక్కింది. ట్రాక్టరు స్టార్టయింది. నేను వెళ్ళి అడ్డం నిలబడ్డాను.

"పిన్నీ, ఆ రోజు వెల్డింగు ఊడలేదు. నేనే కొక్కెం తగిలించలేదు."

అందరూ వినేలాగే అన్నాను. పాస్టరుగారు పాట ఆపేశారు. పిన్ని కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆయన అతుకు ఊడదని నాకు తెలీదంట్రా? ముందు గొలుసు చుట్టి కొక్కెం తగిలించు. కరకట్ట ఎక్కాలి."

గొలుసు చుట్టి తగిలించాను. రెండుసార్లు లాగి చూశాను. బండి కరకట్ట ఎక్కుతుంటే, ఆ రోజు ఆయన నడిచిన చోటే, పెట్టె వెనక నడిచాను.