స్పానిష్ నాకు పుస్తకం నేర్పలేదు

మొన్న ఆదివారం భోజనాల దగ్గర, హైస్కూల్లో స్పానిష్ చదువుతున్న మా అమ్మాయి, కోరికలకీ అనుమానాలకీ మర్యాదగా చెప్పే మాటలకీ క్రియ రూపమే మారిపోతోందని విసుక్కుంటుంటే, మా ఆవిడ "మీ డాడీ పుస్తకం చూసి సొంతంగా నేర్చుకున్నారు, నీకేం రోగం?" అంది. ఇరవయ్యేళ్లుగా నేనే ప్రచారం చేసిన ఆ అబద్ధాన్ని ఇవాళ సరిదిద్దదలచాను.

డెబ్బైల చివర్లో షికాగోలో ఒక ఆసుపత్రిలో రెసిడెంటుగా చేరినప్పుడు నా వార్డులో సగం మంది మెక్సికో నుంచి వచ్చినవాళ్లే. ఇంట్లో పెద్దవాళ్లని ఏనాడూ నువ్వు అనని నేను, జేబు పుస్తకంలోంచి "కూర్చో, నోరు తెరువు" లాంటివి బట్టీపట్టి, అమ్మమ్మ వయసు వాళ్లమీద విసిరేవాణ్ణి. అక్కడ నేల తుడిచే యాభయ్యేళ్ల పెద్దావిడదీ మెక్సికోయే. ఒకరోజు తుడుపుకర్ర ఆపి, తనకొచ్చిన ఇంగ్లీషులో "డాక్టర్, మీ అమ్మతో కూడా ఇలాగే మాట్లాడతావా?" అని అడిగింది.

మర్నాటి నుంచి నేను రౌండ్లు ముగించేసరికి ఆవిడ దుప్పట్ల గది ముందు తుడుస్తూ ఉండేది. "సియెంతెసె" అంటే కూర్చోండి. "నో క్రేయో కె సేయా గ్రావె" అంటే ప్రమాదమేమీ కాకపోవచ్చు. "ఓహలా కె సె మెహోరె" అంటే మీకు నయమవ్వాలి. తప్పు పలికితే బకెట్టు మీద కర్రతో టక్కున కొట్టేది, సరిగ్గా అంటే "ఇప్పుడు మనిషివయ్యావు" అని నవ్వేది. వార్డులో ముసలమ్మలు నా చెయ్యి పట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టారు.

ఒకనాడు ఆవిడ సూపర్‌వైజరు వచ్చి, పని మానేసి కబుర్లేమిటని ఆవిడని నిలదీసి, "మీరు ఉండమన్నారా, డాక్టర్?" అని నన్నడిగాడు. అవునంటే సరిపోయేది. నా వీసా, ఏడాది చివర రావలసిన రిపోర్టు గుర్తొచ్చి, "లేదు, ఆవిడే మాట్లాడుతోంది" అన్నాను. మర్నాడే ఆవిడని బేస్‌మెంట్‌లో లాండ్రీకి మార్చేశారు. నా స్పానిష్‌ని మెచ్చుకుంటూ రిపోర్టు వచ్చింది. ఎలా నేర్చుకున్నావని అడిగితే, పుస్తకం అన్నాను.

ఆ ఊరు వదిలే ముందు ఒక్కసారి లాండ్రీ దాకా దిగాను. ఆవిరికి ఆవిడ చేతులు ఎర్రబడి ఉన్నాయి. నేను గుమ్మం దగ్గరే ఆగాను. ఆవిడే, "ఓహలా కె లె వాయా బియెన్, డాక్టర్" అంది, మీకంతా మంచే జరగాలని. అంతకుముందెప్పుడూ ఆవిడ నన్ను మీరు అనలేదు.

ఇప్పుడు మా క్లినిక్‌లో ఫోనెత్తితే దుబాసీ దొరుకుతాడు, ఒక్క తప్పు లేకుండా మర్యాదగా మాట్లాడతాడు. బకెట్టు మీద కర్రతో కొట్టి దిద్దేవాళ్లే లేరు.

ఇదంతా అమ్మాయికి చెప్పాను. "దట్స్ సో మీన్, డాడీ. సారీ చెప్పావా?" అంది. లేదన్నాను. ఆవిడకిప్పుడు డెబ్బై దాటి ఉంటాయి. వచ్చే వారం షికాగో వెళ్లి ఆ లాండ్రీ దగ్గర్నుంచే వాకబు మొదలుపెడతాను. దొరికినా దొరకకపోయినా, ఇకమీదట ఎవరడిగినా పుస్తకం అనను.