గున్నమ్మగారి సొంతూరు

ఉత్తరాదిలో గోల్‌మురి మిల్లు క్వార్టర్లలో గున్నమ్మగారిని ఎరగని కుక్క కూడా లేదు. అసలు పేరు గ్వెన్. అక్కడి రేకుల మిల్లులో పని నేర్పడానికి వేల్స్ నుంచి వచ్చిన దొర కూతురు. నాలుగేళ్లప్పుడు ఓడ దిగింది. ఇరవయ్యో ఏట క్రేన్ నడిపే సీతారామరావుని పెళ్లాడింది. టెక్కలిలో అత్తగారు ఆర్నెల్లపాటు గోంగూర పచ్చడి రుబ్బించేసరికి ఆవిడ ఇంగ్లీషంతా జారి రోట్లో పడిపోయిందట. అప్పట్నుంచీ కలలు కూడా టెక్కలి యాసలోనే.

పాస్‌పోర్టు మాత్రం బ్రిటిష్‌దే. పదేళ్లకోసారి కలకత్తా వెళ్లి కొత్తది తెచ్చుకోవడం, బీరువాలో పడేయడం. అంతకుమించి దాంతో పనిపడలేదు.

ఎనభై నాలుగులో రూలు మారింది. అంతవరకూ కామన్వెల్తు వాళ్లని చూసీచూడనట్టు వదిలేసిన సర్కారు, ఇకమీదట బ్రిటిష్ వాళ్లూ పేరు రాయించుకుని పర్మిట్ తీసుకోవాలంది. లేదంటే వెళ్లిపోవాలి. వెళ్లడానికి వేల్స్‌లో ఆవిడ ఎరిగినవాళ్లంతా సమాధుల్లో ఉన్నారు.

పక్కింటి జగదాంబని తోడు తీసుకుని పోలీసాఫీసుకి వెళ్లింది. ఫారంలో సొంతూరు అన్నచోట తడుముకోకుండా టెక్కలి అని రాసింది. పెళ్లయిన ఆడదాన్ని మీదేవూరని అడిగితే అత్తవారి ఊరే చెప్పాలని అత్తగారు నేర్పింది మరి.

ఇన్‌స్పెక్టరు ఫారం చూశాడు, పాస్‌పోర్టు చూశాడు. రెండింట్లో ఒకటి అబద్ధమన్నాడు. తప్పుడు కాగితం పెట్టినవాళ్లకి పర్మిట్ ఇవ్వనని ఫారం పక్కకి నెట్టేశాడు. గున్నమ్మ కుర్చీ వదల్లేదు. మీ ఇంటావిడది ఏ ఊరు బాబూ అని హిందీలో అడిగింది.

“మా ఊరే, ఛప్రా,” అన్నాడు.

“పుట్టిందీ అక్కడేనా?”

“పుట్టడం పుట్టింట్లో, ఆరాలో...” అని ఆగిపోయాడు. జగదాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్‌స్పెక్టరు ఫారం మళ్లీ ముందుకి లాక్కున్నాడు.

ఇక్కడ ఉండటానికి కారణమేమిటన్నది ఆఖరి ప్రశ్న. గున్నమ్మకి ఎంత వెతికినా హిందీ మాట తట్టలేదు.

“కాపురం,” అంది.

అదేమిటని అడిగాడు. ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి మీద వండుకుంటూ, ఒకే మొగుడితో నలభై రెండేళ్లు దెబ్బలాడటమని జగదాంబ వివరించింది. అన్ని మాటలకి గడిలో చోటు చాలక అతను కుటుంబమని రాసి ముద్ర గుద్దాడు.

క్వార్టర్ల గేటు దగ్గరే కాసుకుని ఉన్న సీతారామరావు రిక్షా ఆగకుండానే ఎదురొచ్చాడు.

“ఏటైంది? ఉండనిత్తారా?”

“ఏడాదికే ఇచ్చారు,” అంది గున్నమ్మ దిగుతూ. “మీరు బుద్ధిగా ఉంటే, వచ్చే ఏడు మళ్లీ కాపురమనే రాయిత్తాను.”